గుండె లయకు గీత గీసిన మహనీయుడు విలెం ఐంథోవెన్

మన ఇళ్ళలో బీరువా తెరిస్తే పెన్షన్ కాగితాల పక్కనే, గళ్ళ కాగితం మీద వంకర గీతలున్న చీటీ ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. అదే ఈసీజీ. మెట్లెక్కితే ఆయాసం వచ్చిందనో, ఎడమ చెయ్యి లాగుతోందనో ఎప్పుడో ఒకప్పుడు మనమందరం తీయించుకున్నదే. ఆ గీతలను ప్రపంచానికి ఇచ్చినవాడు హాలెండు దేశపు ప్రొఫెసరు విలెం ఐంథోవెన్. వైద్య విద్యార్థులకు ఆయన పేరు కంఠస్థం. ఆయన పుణ్యమా అని బతికి బట్టకట్టిన మనబోటివారికి మాత్రం ఆ పేరు అంతగా తెలియదు. ఆ మహనీయుని జీవితాన్ని, ఆయన గీసిన గీత గుండెపోటును తొలి గంటల్లోనే పట్టిచ్చే సాధనంగా ఎలా ఎదిగిందో మన సభ్యులతో పంచుకోవాలని ఈ చిన్న ప్రయత్నం.

బాల్యం, విద్యాభ్యాసం

ఐంథోవెన్ 1860 మే 21న జావా ద్వీపంలోని సెమరాంగ్ పట్టణంలో జన్మించారు. ఇప్పుడది ఇండొనేషియాలో ఉంది. ఆ రోజుల్లో ఆ దీవులు డచ్చివారి ఏలుబడిలో ఉండేవి. ఒకప్పుడు మన బందరు, భీమునిపట్నం రేవుల్లో వ్యాపారం చేసినవారూ ఈ డచ్చివారే. బందరులోని వలందపాలెం పేరు వారి గుర్తుగా నేటికీ నిలిచి ఉంది.

తండ్రి జేకబ్ సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, ఆపైన సెమరాంగ్‌లోనే వైద్యం చేస్తూ స్థిరపడ్డారు. ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలున్న ఆ ఇంట్లో విలెం మూడో సంతానం, మగపిల్లల్లో పెద్దవాడు. పిల్లలు పసివారుగా ఉండగానే తండ్రి కాలం చేశారు. తల్లి ధైర్యం కోల్పోకుండా ఆరుగురు పిల్లలనూ వెంటబెట్టుకుని 1870లో హాలెండు చేరి, ఉట్రెక్ట్ నగరంలో కాపురం పెట్టారు. విలెంకు అప్పటికి పదేళ్ళు.

తండ్రిలాగే వైద్యుడు కావాలని 1878లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో చేరారు. పుస్తకాల పురుగు మాత్రం కాదు. కసరత్తు, కత్తిసాము, పడవ పందేలు అంటే ప్రాణం. విద్యార్థుల పడవ సంఘాన్ని స్థాపించినవారిలో ఆయనొకరు. ఒకసారి ఆటలో మణికట్టు విరిగి ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఆ ఖాళీ సమయంలో చెయ్యి ఎలా తిరుగుతుంది, మోచేతి కీలు ఎలా పనిచేస్తుంది అని ఆలోచించి, మోచేతి మీద తన మొట్టమొదటి పరిశోధన చేశారు.

1885లో డాక్టరేట్ అందుకున్నారు. ఆ ఏడే లైడెన్ విశ్వవిద్యాలయంలో శరీర ధర్మశాస్త్ర ప్రొఫెసరుగా నియమించారు. వయసు పాతికేళ్ళు! 1886 ఫిబ్రవరిలో బాధ్యతలు స్వీకరించి, 1927లో కన్నుమూసేవరకు అదే ఊళ్ళో, అదే కుర్చీలో 41 ఏళ్ళు పనిచేశారు. బదిలీలతో ఊళ్ళు తిరిగిన మనకు ఇది వింతగానే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన సంవత్సరమే వరుసకు బంధువైన అమ్మాయిని వివాహం చేసుకున్నారు. నలుగురు పిల్లలు. వారిలో ఒక్కడే కొడుకు, పేరు విలెమే. అతడు ఎలక్ట్రికల్ ఇంజనీరై తండ్రి పరికరాన్ని మెరుగుపరచడంలో చెయ్యి కలిపాడు. ఒక కూతురు డాక్టరయింది.

బుల్‌డాగ్ చూపిన దారి

గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. చర్మం మీదికి వచ్చేసరికి అది వోల్టులో వెయ్యోవంతు ఉంటే గొప్ప. దానిని మనిషి ఒంటి పైనుంచే మొదట నమోదు చేసినవాడు లండన్‌లోని ఆగస్టస్ వాలర్, 1887లో. ఆయన దగ్గర జిమ్మీ అనే బుల్‌డాగ్ ఉండేది. దాని కాళ్ళను ఉప్పునీళ్ళ పాత్రల్లో ఉంచి, పాత్రలను పరికరానికి కలిపి, గుండె కదలికను సభలో అందరికీ చూపించేవారు. మూగజీవిని హింసిస్తున్నారని 1909లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న కూడా లేచింది. జిమ్మీకి జరిగిన కష్టమల్లా కాళ్ళు తడవడమే.

1889లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో శరీర ధర్మశాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ మహాసభ జరిగింది. అక్కడ వాలర్ ప్రదర్శనను చూసినవారిలో ఐంథోవెన్ ఒకరు. ఈ విద్య ఆసుపత్రుల్లో పెద్దగా ఉపయోగపడుతుందని వాలర్ స్వయంగా అనుకోలేదు. ఐంథోవెన్ మాత్రం పట్టు విడవలేదు.

వాలర్ వాడిన పరికరంలో సన్నని గాజు గొట్టం, అందులో పాదరసం ఉండేవి. విద్యుత్తు తగిలితే పాదరసం కదులుతుంది. కానీ అది బరువైనది. గుండె వేగాన్ని అందుకోలేక వెనకబడేది. వచ్చిన గీత నిజమైన గీత కాదన్నమాట. ఐంథోవెన్ గణితం మీద కూర్చుని, పాదరసం ఎంత వెనకబడుతుందో లెక్కగట్టి, అసలు గీత ఎలా ఉండాలో కాగితం మీద గీశారు. 1895 నాటికి ఆ గీతలోని మిట్టపల్లాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టారు. నేటికీ ప్రపంచంలో ఏ మూల ఏ డాక్టరు ఈసీజీ చదివినా ఆ అక్షరాలతోనే చదువుతారు.

రెండు గదుల యంత్రం

ప్రతి రోగికీ ఇలా లెక్కలు కడుతూ కూర్చోవడం అయ్యే పని కాదు. గీత సరిగ్గా పడే పరికరమే కావాలి. ఏళ్ళ తరబడి శ్రమించి, 1901లో తీగ గాల్వనామీటరును లోకానికి వెల్లడించారు. దాని కిటుకు వినడానికి తేలిక. వెంట్రుక కన్నా సన్నని క్వార్ట్జు పోగుకు వెండి పూత పూసి, బలమైన విద్యుదయస్కాంతపు రెండు ధ్రువాల మధ్య బిగించారు. గుండె విద్యుత్తు ఆ పోగులోంచి పారినప్పుడు అది పక్కకు ఊగుతుంది. వెనకనుంచి వెలుతురు వేసి, పోగు నీడను భూతద్దాలతో పెద్దది చేసి, కదులుతున్న ఫోటో పలక మీద పడేటట్టు చేశారు. పోగుకు బరువు లేనట్టే కనుక గుండె ఎంత వేగంగా పలికినా అది వెనకబడదు.

వినడానికి తేలికే కాని, ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. రెండు గదులు ఆక్రమించేది. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. అయస్కాంతం వేడెక్కకుండా ఎడతెగకుండా నీళ్ళు పారించాలి. రోగి కుర్చీలో కూర్చుని రెండు చేతులూ, ఎడమ కాలూ ఉప్పునీళ్ళ జాడీల్లో పెట్టాలి. ఇప్పుడు మనకు చేతులకూ కాళ్ళకూ తగిలించే క్లిప్పులు ఆ జాడీల వారసులే.

ఇంత యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకుపోలేరు. మంచంపట్టిన రోగులను ప్రయోగశాలకు తేలేరు. ఐంథోవెన్ దానికీ ఉపాయం కనిపెట్టారు. 1905లో, ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రికి టెలిఫోను తీగ వేయించి, రోగి అక్కడ ఉండగా గీతను తన ప్రయోగశాలలో తీశారు. ఈనాడు పల్లెలోని చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఫోనులో పట్నంలోని గుండె డాక్టరుకు పంపిస్తున్నారు. దానికి మూలం ఇక్కడే ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంకొకటి చేశారు. కొలతలు స్థిరపరచారు. ఒక మిల్లీవోల్టుకు గీత సరిగ్గా ఒక సెంటీమీటరు లేవాలి, పలక సెకనుకు 25 మిల్లీమీటర్లు జరగాలి. ఈ నియమం వల్ల లైడెన్‌లో తీసిన పటాన్ని లండన్ పటంతోనూ, ఈరోజు పటాన్ని నిన్నటి పటంతోనూ పక్కపక్కన పెట్టి పోల్చే వీలు కలిగింది. కొలత మారితే పోలిక ఎక్కడిది? రిజిస్టర్లు రాసిన మనకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

గుండెపోటు జాడ దొరికిన వైనం

మొదట్లో ఈసీజీని గుండె లయ తప్పడం తెలుసుకోవడానికే వాడేవారు. లండన్‌లో థామస్ లూయిస్ ఆ విద్యను ఎంతో ముందుకు తీసుకుపోయారు. గుండెపోటు సంగతి వేరు. ఆ రోజుల్లో గుండె రక్తనాళం మూసుకుపోతే మనిషి అక్కడికక్కడే పోతాడని, కనుక బతికున్నవాడిలో ఆ జబ్బును గుర్తించే ప్రశ్నే లేదని డాక్టర్లలో ఎక్కువమంది నమ్మేవారు. షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ 1912లో అది నిజం కాదని రాశారు. నాళం మూసుకుపోయినా చాలామంది గంటలు, రోజులు, ఏళ్ళు కూడా బతుకుతారని, వారిని గుర్తించవచ్చని వివరించారు. ఆయన మాటను అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

కంటికి కనిపించే రుజువు కావలసివచ్చింది. అది ఐంథోవెన్ గీతలోనే దొరికింది. హెరిక్ వద్ద పనిచేసిన ఫ్రెడ్ స్మిత్ 1918లో కుక్కల గుండె నాళాలను కట్టివేసి, ఆ తరువాత గీత ఎలా మారుతుందో వరసగా చూపించారు. 1920లో న్యూయార్కు డాక్టరు హెరాల్డ్ పార్డీ, గుండెపోటు వచ్చిన మనిషి ఈసీజీని ప్రచురించారు. నొప్పి మొదలైన కొద్ది గంటలకు తీసిన పటంలో ఆర్ శిఖరం దిగుతూ దిగుతూ మామూలు మట్టానికి రాకుండా, పైనే ఆగి టి తరంగంలో కలిసిపోయింది. తరువాతి రోజుల్లో తీసిన పటాల్లో ఆ రూపం మారుతూ పోయింది. ఎస్‌టీ భాగం లేవడం అని డాక్టర్లు ఇప్పుడు చెప్పేది ఆ గుర్తునే. ఒక్క పటం చూస్తే అది ఒక ఆకారం. వరసగా చూస్తే ఒక కథ. గుండెపోటు రోగనిర్ణయం మొదటినుంచీ వరస పటాల మీదే నిలిచిందని గమనించాలి.

నోబెల్ బహుమతి, పాత సహచరుడు

1924లో ఐంథోవెన్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పుడాయన ఉపన్యాసాల కోసం అమెరికా పర్యటనలో ఉన్నారు. తరువాత చేసిన నోబెల్ ప్రసంగంలో, తన పరికరానికి ఆసుపత్రుల్లో ఇంత విలువ రావడంలో లూయిస్ పాత్ర గొప్పదని బహిరంగంగా చెప్పారు.

ఆయన గురించి రాసినవారు చెప్పే సంఘటన ఒకటి మన పెన్షనర్లు ప్రత్యేకంగా తెలుసుకోదగ్గది. తీగ గాల్వనామీటరు తయారీలో ప్రయోగశాల పనివాడు వాన్ డెర్ వూర్డ్ ఏళ్ళ తరబడి ఆయనకు కుడిభుజంగా ఉన్నాడు. బహుమతి సొమ్ములో అతనికి వాటా ఇవ్వాలని ఐంథోవెన్ వెతికించారట. అతను అప్పటికే చనిపోయాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మాత్రం పేదరికంలో బతుకుతున్నారని తెలిసి, సొమ్ములో సగం వారికి ఇచ్చారని చెబుతారు. ఫైలు మీద సంతకం పెద్దవారిదే అయినా, ఆ ఫైలు నడిపిన చేతులు వేరే ఉంటాయని ఆయన మరచిపోలేదు.

1927 సెప్టెంబరు 29న, 67వ ఏట, లైడెన్‌లో ఐంథోవెన్ కన్నుమూశారు. ఇప్పుడు ఏటా సెప్టెంబరు 29నే ప్రపంచ హృదయ దినోత్సవం జరుపుకుంటున్నాం. తేదీలు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ రోజున ఆయనను ఒక్కసారి తలచుకోవడం మన ధర్మం.

ఆయన తరువాత

ఐంథోవెన్ చేతులు, కాలు మీదుగా మూడు దిక్కులనుంచి గుండెను చూశారు. 1930ల్లో ఛాతీ మీద కూడా తగిలించి చూడడం మొదలైంది. 1938లో అమెరికా, బ్రిటన్ హృద్రోగ సంఘాలు ఛాతీ మీద ఆ స్థానాలను నిర్ణయించాయి. 1942లో గోల్డ్‌బర్గర్ మరో మూడు చేర్చడంతో ఇప్పుడు మనం చూసే 12 లీడ్ల ఈసీజీ పూర్తయింది.

అయినా చాలాకాలం వరకు గుండెపోటు అని తేలినా మంచంమీద విశ్రాంతి తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. 1986లో ఇటలీలో 11 వేలకు పైగా రోగులతో జరిగిన అధ్యయనం పరిస్థితిని మార్చింది. గడ్డను కరిగించే మందు స్ట్రెప్టోకైనేజ్ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని, అదీ నొప్పి మొదలైన తొలి గంటల్లో ఇస్తేనే ఎక్కువ ఫలమని తేలింది. తరువాత బెలూను, స్టెంటు వచ్చాయి. అప్పటినుంచి గుండెపోటును ఎంత తొందరగా గుర్తిస్తే అంత గుండె మిగులుతుందన్నది వైద్యులకు మొదటి సూత్రమయింది.

ఒక్క పటం ఎందుకు చాలదు

ఇక్కడే మనం జాగ్రత్తగా గ్రహించవలసిన విషయం ఉంది. మామూలు ఈసీజీ పటంలో ఉండేది సుమారు పది సెకన్ల గుండె కథ. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. నాళంలో గడ్డ ఒక్కసారిగా కట్టి అలాగే ఉండిపోదు. కట్టవచ్చు, కొంత వదలవచ్చు, మళ్ళీ బిగియవచ్చు. కొందరిలో మొదట టి తరంగం కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. తరువాత ఎస్‌టీ భాగం లేస్తుంది. గంటలు గడిచాక లోతైన క్యూ పడుతుంది. ఆపైన టి తలకిందులవుతుంది. నొప్పి మొదలైన పది నిమిషాలకు తీసిన పటంలో ఇవేవీ ఉండకపోవచ్చు. గుండె వెనకవైపు దెబ్బ తగిలితే మామూలు 12 లీడ్లకు అది సరిగా చిక్కకపోవచ్చు. అప్పుడు వీపు మీద కూడా తగిలించి చూస్తారు. కొన్ని గుండెపోట్లలో ఎస్‌టీ అసలు లేవదు. వాటిని ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష పట్టిస్తుంది. దానిని కూడా కొన్ని గంటల తేడాతో రెండోసారి చేస్తారు.

అందుకే నేటి వైద్య నియమం ఇలా ఉంది. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఆసుపత్రి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అందులో ఏమీ తేలకపోయినా బాధ తగ్గకుంటే, మొదటి గంటలో 15 నుంచి 30 నిమిషాలకొకసారి మళ్ళీ తీసి పోల్చి చూడాలి. ఖజానాలోనో అకౌంట్స్ సెక్షనులోనో పనిచేసిన మిత్రులకు ఇది సులువుగా బోధపడుతుంది. ఒక్క రోజు నిల్వ చూసి లెక్క సరిగా ఉందని ఎవరూ సర్టిఫై చేయరు. నిన్నటి ముగింపు నిల్వతో ఇవాళ్టి ప్రారంభ నిల్వ పోల్చవలసిందే.

నాతో కలిసి పనిచేసిన ఇద్దరు మిత్రుల సంగతి చెబుతాను. ఒకరికి రాత్రి భోజనం తరువాత గుండెల్లో బరువుగా ఉంటే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఈసీజీలో ఏమీ లేదు. గ్యాస్ అయి ఉంటుందని ఇంటివారు బయలుదేరబోయారు. చెమటలు తగ్గలేదు కనుక అక్కడి డ్యూటీ డాక్టరు వదలలేదు. అరగంటకు మళ్ళీ తీస్తే గీత లేచి కనిపించింది. వెంటనే మందు ఎక్కించి పెద్దాసుపత్రికి పంపారు. ఆయన ఇప్పటికీ సాయంత్రం పార్కుకు నడిచి వస్తున్నారు. రెండో మిత్రుడి విషయంలో మొదటి పటం బాగుందన్న మాటతో ఇంటికి వచ్చేశారు. రెండో పటం తీయనేలేదు. తెల్లవారుజామున ఆయన పోయారు. మళ్ళీ తీసి ఉంటే బతికేవారని నేను చెప్పలేను. కానీ ఆయన భార్య ఆ ప్రశ్నను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

సభ్యులకు మనవి

ఛాతీలో బరువు, నొక్కినట్టుండడం, చెయ్యి, దవడ, వీపులలోకి నొప్పి పాకడం, చల్లటి చెమటలు, కారణం లేని ఆయాసం కలిగితే తెల్లవారనిద్దామని ఆగవద్దు. షుగరు ఉన్నవారికి, పెద్ద వయసువారికి నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంతోనో, నీరసంతోనో గుండెపోటు రావచ్చు. స్కూటరు వెనక కూర్చుని వెళ్ళకుండా 108కి ఫోను చేయించండి.

మొదటి ఈసీజీ బాగుందని చెప్పినా బాధ అలాగే ఉంటే, మళ్ళీ ఎప్పుడు తీస్తారని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. వారూ కాదనరు.

ఒంట్లో బాగున్నప్పుడు తీయించిన ఈసీజీ ఒకటి దగ్గర ఉంచుకోండి. కొత్త పటంలోని మార్పు పాతదా, ఇవాళ్టిదా అని డాక్టరు పోల్చి చూడడానికి అదే ఆధారం. ఆ కాగితం మీద అచ్చు కొన్నేళ్ళకు వెలిసిపోతుంది. కనుక జిరాక్సు తీయించి, తేదీ వేసి, పెన్షన్ పేమెంట్ ఆర్డరు ఉన్న కవరులోనే పెట్టండి. ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి. రెండు గదుల యంత్రంతో ఐంథోవెన్ మహాశయుడు సాధించినది ఈనాడు ఒక చీటీగా మన చేతిలో ఉంది. దానిని భద్రపరచుకోవడం, అవసరమైనప్పుడు మళ్ళీ తీయించుకోవడం మన వంతు.